నీలిసిరా నది

ఆ రోజు నవంబరు పంతొమ్మిది, గురువారం. అట్లాసు బాబాయి మధ్యాహ్నపు డబ్బాలో రెండు రొట్టె ముక్కలు, ఉడికించిన గుడ్డు ఒకటి, కాగితప్పొట్లంలో ఉప్పూ మిరియాలపొడీ ఉన్నాయి. రొట్టె తిన్నాడు. గుడ్డు సగం తిన్నాడు. మిగతా సగం ఏమైందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. అది చేతిలో ఉండగానే లోయ పిల్ల గోడకున్న పెద్ద పటం మీద వేలు పెట్టి, "క్షమించండి. మీ నది తప్పు చోట ప్రవహించుచున్నది" అంది.

పోయినవారం మనం వాళ్లని వదిలి వచ్చింది ఆ మాట దగ్గరే. మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం కాస్త వెనక్కి వెళ్లి చెబుతాను.

ఎక్కడో రెండు దేశాలున్నాయి. పటంలో ఒకటి పైన, ఒకటి కింద ఉంటాయి గనక యూనివర్సిటీలో అందరూ వాటిని పై దేశం, కింది దేశం అనే పిలుస్తున్నారు. నడుమ ఒక లోయ, లోయలో ఒక నది. ఆ లోయ కోసం పది నెలలుగా అక్కడ ఫిరంగులు పేలుతున్నాయి. ఇక్కడ సైన్సు భవనం ముందున్న పచ్చికలో, రెండు పక్షాల విద్యార్థులు వేసుకున్న గుడారాల నడుమ పదకొండు రోజులుగా మైకు పేలుతోంది. పై దేశం గుడారానికి పెద్ద చరిత్ర శాఖ కుర్రాడు. మొదటిరోజు నినాదాలకే గొంతు పోవడంతో అతనికి 'బొంగురు' అని పేరు స్థిరపడింది. కింది దేశం గుడారానికి పెద్ద, యూనివర్సిటీ పటాల గది చూసుకునే మన అట్లాసు బాబాయి ఒక్కగానొక్క కూతురు. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. అయినా చలికి వణుకుతున్న లోయ జనం కోసం ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగి ఆరువందల దుప్పట్లు పోగు చేశారు. వాటిని ఏ గట్టుకి పంపాలన్న దగ్గర మళ్లీ తగవు.

ఆ తగవు తేలేది రేపు పదింటికి, పెద్ద హాల్లో జరిగే వాదనలో. నదే సరిహద్దని ఇద్దరూ ఒప్పుకున్నారు. పటాల గదిలోని పెద్ద పటమే సాక్షి అని ఇద్దరూ సంతకాలు చేశారు. అమ్మాయి నెగ్గితే దుప్పట్లు కింది దేశం మీదుగా మిల్లుల ఊరికి వెళతాయి. బొంగురు నెగ్గితే పై దేశం మీదుగా గనుల ఊరికి. పన్నెండింటికి లారీ కదులుతుంది. అక్కడ నది మీద ఒక్క వంతెన కూడా మిగల్లేదు కాబట్టి ఒక గట్టున దిగిన దుప్పటి రెండో గట్టుకి చేరే దారి లేదు.

అలాంటి నది తప్పు చోట ఉందంటే ఎవరికైనా గుడ్డు గుర్తుంటుందా?

"నదిదేం తప్పమ్మా? దాన్ని మనం ప్రవహింపజేస్తామా?" అన్నాడు అట్లాసు బాబాయి, నవ్వబోయి, నవ్వు సగంలో ఆపుకుని.

లోయ పిల్ల నవ్వలేదు. మందుల తయారీ చదవడానికి స్కాలర్‌షిప్పు మీద వచ్చిన పిల్ల. ఆ రెండు దేశాల పక్కల నుంచి ఈ యూనివర్సిటీలో ఉన్న ఒకే ఒక్క మనిషి. ఇక్కడి భాష పుస్తకాల్లోంచి నేర్చుకుంది గనక ఏం మాట్లాడినా పరీక్షలో జవాబు రాసినట్టుంటుంది. లోయ గురించి పగలూ రాత్రీ అరిచే రెండు గుడారాల వాళ్లూ ఆమెని ఇంతవరకూ ఒక్క మాట అడగలేదు. ఈమె అటు మనిషేమోనని వీళ్లకి అనుమానం, ఇటు మనిషేమోనని వాళ్లకి.

"ఈ చుక్క మా గ్రామము. మిల్లుల ఊరికి నాలుగు మైళ్లు. మేము పై గట్టున ఉంటాము. బడి మిల్లుల ఊరిలో ఉన్నది. పది సంవత్సరములు నేను నది దాటకుండా బడికి వెళ్లితిని." వేలు కాస్త జరిపి చూపించింది. "మీ పటములో మా గ్రామమునూ, మిల్లుల ఊరినీ కింది గట్టున పెట్టినారు. వెనక ఉండవలసిన కొండ ముందు ఉన్నది. మా ఊరిని ఎవరో ఎత్తుకుని నది దాటించినారు."

అట్లాసు బాబాయి చేతులు తుడుచుకుని భూతద్దం తీశాడు.

ఆ పటం మామూలు పటం కాదు. అట్లాసు పుస్తకాల్లో ఆ లోయ గోరంత ఉంటుంది. దీనిలో బారెడు. అంత పెద్ద కాగితం మడతల దగ్గర చిరిగిపోతుందని నలభై ఎనిమిది ముక్కలుగా కోసి, నడుమ సన్నటి సందులు వదిలి, దళసరి గుడ్డ మీద అంటిస్తారు. అప్పుడు గుడ్డ మడత పడుతుంది, కాగితం పడదు. పదకొండేళ్ల కిందట ఈ పటం గుడ్డ పీలికలై, ముక్కలు ఊడి వస్తే, బాగు చేయించడానికి ఆఫీసు వాళ్లు ఒప్పుకోకపోతే, ఆయనే ఇంటికి తీసుకెళ్లాడు. ఒక ఆదివారమంతా మొగుడూ పెళ్లాం నేల మీద కూర్చుని మైదా జిగురుతో అంటించారు. పై రెండు వరసలూ ఆయన, కింది నాలుగు వరసలూ ఆవిడ. పటం వెనకవైపు గుడ్డ మీద పెన్సిలుతో వంకర అక్షరాలున్నాయి: "ఇది నేను అంటించాను." అప్పుడు అమ్మాయికి తొమ్మిదేళ్లు. మనసు బాగాలేనప్పుడల్లా పటం అంచు తిప్పి ఆ అక్షరాలు చూసుకోవడం ఆయనకు అలవాటు.

ఇప్పుడు మాత్రం ముందువైపే చూశాడు. పటం అంచున ఊళ్ల పట్టిక ఉంటుంది, ఏ ఊరు ఏ గడిలో ఉందో చెప్పేది. మిల్లుల ఊరు మూడో వరస, ఏడో గడి. గనుల ఊరు నాలుగో వరస, ఏడో గడి. అట్లాసు బాబాయి వేలు మూడో వరస వెంట నడిచి ఏడో గడిలో ఆగింది. అక్కడ గనుల ఊరు హాయిగా కూర్చుని ఉంది. మిల్లుల ఊరు దాని కిందికి దిగిపోయింది.

రెండు ముక్కలు తారుమారయ్యాయి.

నది సరిగ్గా ఆ రెండు ముక్కల నడుమ సందు వెంటే పోతోంది. భూతద్దం దాని మీదికి జరిపాడు. మిగతా పటంలో నది అచ్చు నీలం. ఇక్కడ మాత్రం సిరా. జానెడు మేర, కాస్త ఒత్తుగా, చివర చిన్న కొసరుతో. నదికి చేతిరాత ఉంటుందా అంటే, ఉంటుంది. అది ఎవరి చేతిరాతో కూడా ఆయన ఇట్టే పోల్చుకోగలడు. ఆ సిరాబుడ్డి ఇంట్లో కుట్టుమిషను పక్కన ఉంటుంది. కొలతల పుస్తకంలో భుజమెంత, నడుమెంత అని రాసేది దానితోనే.

అట్లాసు బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ పొరపాటు చేసిందని చెప్పవలసిన అవసరం ఆయనకు ఒక్కసారీ రాలేదు. యూనివర్సిటీలో పట్టాలు పుచ్చుకునేవాళ్ల గౌన్లన్నీ ఆవిడ కుట్టినవే, వేలెడు గుడ్డ వృథా చెయ్యని మనిషి. అలాంటి మనిషి రెండు ఊళ్లని ఈ గట్టువి ఆ గట్టున కుట్టేసింది. కన్నకూతురు పదకొండు రోజులుగా ఆ కుట్టు మీద నిలబడి ఉపన్యాసాలిస్తోంది.

"మరి ఇన్నాళ్లూ మీకెవ్వరికీ కనిపించలేదా?" అంది లోయ పిల్ల.

"యుద్ధం వచ్చేదాకా మీ లోయని అడిగినవాడు లేడమ్మా" అన్నాడాయన. అన్నాక ఆ మాటకి ఆయనకే సిగ్గేసింది.

సాయంత్రం గది మూసే వేళకి పటం విప్పి చుట్టారు. బారెడున్నర చుట్ట. ముందు కొస ఆయన భుజాన, వెనక కొస ఆ పిల్ల భుజాన. క్వార్టర్సుకి వెళ్లాలంటే పచ్చిక మధ్యనుంచే దారి.

అటు గుడారం, ఇటు గుడారం, నడుమ ఒకే మైకు. అద్దెకి దొరికింది అదొక్కటే కావడంతో గంట వీళ్లకి, గంట వాళ్లకి అని పంచుకున్నారు. టీ కాచే కెటిలూ ఒకటే. నినాదం ఎంత మండుతున్నా సాయంత్రం నాలుగయ్యేసరికి కెటిల్ అటూ ఇటూ శాంతిదూతలా తిరుగుతుంది. కింది గుడారం మీద పన్నెండడుగుల గుడ్డ, దాని మీద ఎర్రరంగులో లోయ, ఆవిడ గీసిన నది వంపుతో సహా. పై గుడారం మీద అదే లోయ పచ్చరంగులో, అదే వంపు. రెండు గుడారాల మీదా తన భార్య చేతిరాత చూసి అట్లాసు బాబాయికి నడక తడబడింది.

"బాబాయ్!" బొంగురు ఎదురొచ్చాడు. మెడకి మఫ్లరు, చేతిలో కరపత్రాలు, గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. "పటం ఎక్కడికి?"

అట్లాసు బాబాయికి అబద్ధం అలవాటు లేదు. "దుమ్ము పట్టిందోయ్. రేపు హాల్లో కట్టాలి గదా. మీ పిన్ని దులుపుతానంది."

బొంగురు మొహం ఎందుకో పాలిపోయింది. వెనకనున్న లోయ పిల్లని చూశాడు, పటం చుట్టని చూశాడు, మళ్లీ ఆ పిల్లని చూశాడు. "ఇవాళ ఎనిమిదింటికి మేం కొలుచుకోవాలని ఒప్పందం ఉంది బాబాయ్."

"ఉంది ఉంది. రండి."

"మావాళ్లెందుకు? నేనొక్కణ్నే వస్తాలెండి" అని గబగబా వెళ్లిపోయాడు. ఒక్కడే ఎందుకన్న ప్రశ్న అట్లాసు బాబాయికి తట్టలేదు. ఆయన బుర్రలో అప్పటికే ఒక నది, రెండు ఊళ్లు, ఒక భార్య ఇరుక్కుని ఉన్నారు.

ఇంట్లో కుట్టుమిషను టకటకలాడుతోంది. ఆవిడ చుట్టూ గోనెసంచులు, మోకాలెత్తున. దుప్పటి మీద దుప్పటి పేర్చి, సంచికి పది చొప్పున అరవై సంచులు. రెండు గుడారాల వాళ్లూ వచ్చి అడిగితే తనది ఎవరి పక్షమో చెప్పకుండా కుట్టడానికి ఒప్పుకుంది. ప్రతి సంచి మీదా తెల్లగుడ్డ చీటీ, దాని మీద నీలిసిరాతో 'చేరవలసిన ఊరు' అని రాసి పక్కన ఖాళీ వదిలింది. గదిలో ఆ చివర అమ్మాయి గోడమీది క్యాలెండరు ముందు నిలబడి గరిటెతో తేదీల మీద పొడుస్తోంది.

"అధ్యక్షా! పటం అబద్ధం చెప్పదు! ఇదిగో నది, ఇదిగో కింది గట్టు, ఇదిగో మిల్లుల ఊరు!" గరిటె పదిహేడో తేదీ మీద ఠంగుమంది.

"ఆ గరిటె ఇలా ఇస్తే సూపు కలుపుకుంటానే. నీ దేశం ఎక్కడికీ పోదు" అంది తల్లి. గుమ్మంలో మొగుణ్ని చూసి, "ఏమండీ, ఏమిటా బరువు? ఎవరీ అమ్మాయి? రా తల్లీ, చలిలో నిలబడ్డావేం. ముందలా కూర్చో" అని లేచి, ఇంకేమీ అడక్కుండా టీ పోసి చేతికిచ్చి, మళ్లీ మిషను ముందు కూర్చుంది. లోయ పిల్ల కప్పుని రెండు చేతులతో పట్టుకుంది. తాగలేదు, కాసేపు ఊరికే పట్టుకుని కూర్చుంది.

అట్లాసు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అదికాదోయ్. ఎప్పుడైనా... అంటే ఎంత పనిమంతులైనా... ఒక్కోసారి..."

"సూటిగా చెప్పండి. మీరు ఇలా నసిగితే రెండే కారణాలు. ఏదో పగలగొట్టి ఉంటారు, లేకపోతే నన్నడక్కుండా ఎవరికో మాటిచ్చి ఉంటారు."

ఆయన భోజనాల బల్ల మీది గిన్నెలు తీసి పటం పరిచాడు. అమ్మాయి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా! పటం బయటికి తేకూడదని నువ్వేగా అంటావ్? వాళ్లు చూస్తే మేమేదో చేశామనరూ?"

"చేశాం అమ్మడూ" అన్నాడు ఆయన నీరసంగా. "ఈ అమ్మాయి చెబుతుంది, విను."

లోయ పిల్ల కప్పు కింద పెట్టి చెప్పింది. బడి, గ్రామం, కొండ, నది. అమ్మాయి మొహంలో రంగులు మారాయి.

"నిన్ను బొంగురు పంపాడా?"

"నన్ను ఎవరూ పంపలేదు" అంది ఆ పిల్ల. "నన్ను ఎవరూ పిలువను కూడా లేదు."

గదిలో మిషను చక్రం ఒక్కటే ఇంకా తిరుగుతోంది. అమ్మాయి పట్టిక మీదికి వంగింది. మూడో వరస, ఏడో గడి. నాలుగో వరస, ఏడో గడి. ఇంకోసారి. వేలితో, గరిటెతో, మళ్లీ వేలితో.

"పట్టికలో అచ్చుతప్పు కావచ్చుగా?" అంది చివరికి. మనం ఎవరమైనా అనేమాటే.

"మా అమ్మ ఆ అచ్చుతప్పులో నివసించుచున్నది" అంది లోయ పిల్ల.

చక్రం ఆగింది.

"నది నేనే గీశాను" అంది తల్లి, సంచి మీద నుంచి తల ఎత్తకుండా.

"అమ్మా!"

"అరవకు. మడత దగ్గర అచ్చు అరిగిపోయి నది తెగినట్టుంది. కలిపాను. దారులు కూడా ఓ మూడు కలిపాను. ఊళ్లన్నాక దారులుండద్దూ?"

"అది సరిహద్దమ్మా! రెండు దేశాలు! ఆరువందల దుప్పట్లు! నువ్వు కొలతలు రాసే పెన్నుతో..."

"నాకేం తెలుసే అది సరిహద్దని? నీలంగా ఉంటే నది అనుకున్నాను."

అట్లాసు బాబాయి మధ్యలోకి వచ్చాడు, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని. "పోనీలే. ఆ రోజు నీకూ నడుం పట్టేసింది. అన్ని ముక్కలు. రెండు అటూ ఇటూ అయితే..."

"ఆగండాగండి." ఆవిడ కళ్లజోడు తీసింది. "నది గీశానన్నాను. ముక్కలు నేను అంటించానన్నానా?"

తల్లీ కూతుళ్లిద్దరూ ఆయన వైపు తిరిగారు.

"నాది పై రెండు వరసలే!" అన్నాడాయన రెండు చేతులూ ఎత్తి, పోలీసులు ఎదురైనట్టు.

"పటం తిప్పండి" అంది ఆవిడ.

తిప్పారు. గుడ్డ మీద ఆ పెన్సిలు అక్షరాలు. ఆయన గుండెకి అతుక్కున్న అక్షరాలు, వంకర 'ఇ', సగం విరిగిన 'ను'. ఆవిడ వచ్చి అక్షరాల మీద ఒక వేలు, పటం అంచు ఎత్తి అటువైపు ఇంకో వేలు పెట్టింది. రెండు వేళ్ల నడుమ గుడ్డ, గుడ్డ మీద మూడో వరస, ఏడో ముక్క.

అమ్మాయి చేతిలో గరిటె మెల్లిగా కిందికి దిగింది.

"ఆ రోజు నీకు గవదబిళ్లలు. బయటికి పోవద్దన్నామని పొద్దుట్నించీ ఒకటే ఏడుపు" అంది తల్లి. గొంతులో కోపమేం లేదు. పాత బట్ట మడత విప్పుతున్నట్టు చెబుతోంది. "నేనూ అంటిస్తానమ్మా అంటే రెండు ముక్కలిచ్చి, జిగురు కలపడానికి లోపలికెళ్లాను. వచ్చేసరికి అంటించేశావు. అరచేత్తో రుద్ది రుద్ది, ఒక్క బుడగ లేకుండా. పని మాత్రం చక్కగా చేశావు. తిప్పి నువ్వే అంటించావని కూడా రాసుకున్నావు. చూస్తే పైది కింద, కిందది పైన. తీద్దామంటే తడి కాగితం పీలికలవుతుంది. నిన్ను లేపి చెబుదామంటే చెంపకంతా జిగురు, వాచిపోయిన మొహం, బల్లకింద నవ్వుతూ నిద్రపోతున్నావు. లేపబుద్ధి కాలేదు. నదొకటి గీసి ఊరుకున్నాను. ఆ మూల కొండల్ని ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను."

అట్లాసు బాబాయి అక్షరాలకేసి చూస్తూ ఉండిపోయాడు. పదకొండేళ్లుగా చూస్తున్నాడు. అటువైపు ఏముందో ఒక్కసారైనా చూశాడా? తనకి కూడా చెప్పకుండా ఈ మనిషి ఒక చిన్నపిల్ల నిద్ర కోసం నదిని మళ్లించి, ఆ తరవాత లేచి వంట చేసుకుంది. ఆ సాయంత్రం ఏం వండిందో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు.

"అంటే పదకొండు రోజులుగా..." అమ్మాయి కుర్చీలో కూర్చుంది. "నేను మిల్లుల ఊరు కింది దేశానిదని అరుస్తున్నాను. అది పై దేశానిది."

"గనుల ఊరు పై దేశానిదని బొంగురు అరుస్తున్నాడు. అది కింది దేశానిది" అన్నాడు తండ్రి. "నీ గుడారంలో అతని వాదన, అతని గుడారంలో నీ వాదన నడుస్తున్నాయి. ఒక విధంగా ఇద్దరూ ఒప్పుకున్నట్టే."

"నవ్వకు నాన్నా."

"నవ్వడం లేదమ్మా."

నిజానికి కొంచెం నవ్వు వచ్చింది. కూతురి కళ్లలో నీళ్లు చూసి దాన్ని మింగేశాడు.

"రేపు హాలు నిండా జనం. నిలబడి ఏం చెప్పను? 'అధ్యక్షా, ఈ సరిహద్దు నేను తొమ్మిదేళ్లప్పుడు గవదబిళ్లలతో అంటించాను' అనా? నన్ను నమ్మి పదకొండు రాత్రులు మంచులో పడుకున్నారు మావాళ్లు. చదువైపోయేదాకా నన్ను మైదా అని పిలుస్తారు." తరవాత గోడకేసి చూస్తూ, అతి మెల్లిగా అంది. "ఇది మన నలుగురికే తెలుసు. రేపొక్క పూట గడిచిపోతే..."

తల్లి సూదిలో దారం ఎక్కించుకుంటోంది. దారం ఎక్కడం లేదు.

"మీరు గెలిచినచో దుప్పట్లు కింది గట్టున దిగును" అంది లోయ పిల్ల, లెక్క చెబుతున్నట్టు. "అక్కడ నది ఎక్కువ వెడల్పు కాదు. మా అమ్మ పై గట్టున నిలబడి వాటిని చూడగలదు. రంగులు కూడా తెలియును."

అమ్మాయి చాలాసేపు ఆ పిల్ల వంకే చూసింది. పదకొండు రోజుల్లో ఆమె మొహం సరిగ్గా చూడటం అదే మొదలు. తరవాత లేచి, గరిటె తల్లికి ఇచ్చేసి, వంటింట్లోంచి పెద్ద గిన్నెతో నీళ్లు, శుభ్రమైన తుండుగుడ్డ తెచ్చింది.

"నాన్నా, జిగురు ఊడుతుందా?"

"మైదా జిగురే గదా. తడిగుడ్డ పరిచి అరగంట ఓపిక పట్టాలి. తొందరపడితే చిరుగుతుంది."

"పడతాను."

"ఈసారి నేను అంటిస్తాలే" అంది తల్లి.

"వద్దమ్మా. నేనే. నువ్వు ఆ దారులు ఎక్కడెక్కడ కలిపావో చెప్పు."

తడిగుడ్డ పరిచారు. ఆ అరగంటలో సూపు తాగారు. లోయ పిల్లకి రెండోసారి పోశారు. ఆమె గిన్నె పక్కన కూర్చుని, మిల్లుల ఊళ్లో బడి ఏ వీధిలో ఉందో, ఏ మూల కొట్లో పెన్సిళ్లు చవకో చెబుతుంటే అమ్మాయి మొదటిసారి ఆ ఊరి గురించి ప్రశ్నలు అడిగింది. పదకొండు రోజులు ఆ ఊరి కోసం అరిచింది గాని, అక్కడ బడి ఉంటుందని ఆమెకు తట్టలేదు.

ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా మొదటి ముక్క లేచింది. అంచున వేలుగోరు పెట్టి, ఊపిరి బిగబట్టి, అంగుళం అంగుళం. తరవాత రెండోది. తడిసిన లోయ రెండు ముక్కలై రెండు పళ్లేల్లో పడుకుంది. పటం మధ్యలో ఒట్టి గుడ్డ. ఊళ్లు లేవు, కొండల్లేవు. నీలిసిరా నది తడిసి, చెదిరి, నెమ్మదిగా నీళ్లగిన్నెలోకి దిగిపోయింది.

అప్పుడు తలుపు కొట్టారు.

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బొంగురు! ఎనిమిదింటికి కొలుచుకుంటానన్నాడుగా! అట్లాసు బాబాయి బల్లగుడ్డ లాగి పటం మీద కప్పబోయాడు. కప్పితే తడి అంటుకుంటుందని మళ్లీ తీశాడు. తీసి ఏం చెయ్యాలో తెలీక మెడలో వేసుకున్నాడు.

"పొద్దున రమ్మని చెబుతానమ్మడూ. ఇలా చూస్తే సాక్ష్యాన్ని కోసేశారని ఊరంతా చాటుతాడు. నిన్ను హాల్లోకే రానివ్వరు."

"తెలుసు" అంది అమ్మాయి. చేతులు తుడుచుకుంది. "తలుపు తియ్యి నాన్నా."

తీశాడు. బొంగురు లోపలికి వచ్చాడు. చేతిలో కొలత టేపు. చూపు ముందు బల్ల మీద పడింది. తరవాత పటంలోని చిల్లు మీద, తరవాత రెండు పళ్లేల మీద, చివరికి లోయ పిల్ల మీద. నోరు తెరిచాడు. అరుస్తాడని అందరూ చెవులు గట్టిగా చేసుకున్నారు.

అరవలేదు. అరవడానికి గొంతూ లేదనుకోండి. కానీ సంగతి అది కాదు. అతను వచ్చి, సంచుల గుట్ట మీద మెల్లిగా కూర్చున్నాడు. చేతిలోని టేపు జారి, సరసరా విప్పుకుంటూ బల్ల కిందికి పాకింది. తీసుకోలేదు.

"మీకూ తెలిసిపోయిందా?" అన్నాడు, గాలి తప్ప మాట లేని గొంతుతో.

"మీకూ అంటే?" అంది అమ్మాయి. "నీకెప్పుడు తెలుసు?"

బొంగురు తల దించుకుని నాలుగు వేళ్లు చూపించాడు.

నాలుగు రోజులు. ఇందాక గోడకేసి చూస్తూ అమ్మాయి అనుకున్నది ఇతను నాలుగు రోజులుగా ఒంటరిగా మోస్తున్నాడు. లోయ పిల్ల లేచి, అతని ఎదురుగా వచ్చి నిలబడింది. అతను తల ఎత్తలేదు.

"నేనొక్కణ్నే కాదు" అన్నాడు. "ఇంకొకరికి కూడా తెలుసు. నాకు చెప్పింది ఆయనే. చెప్పొద్దన్నదీ ఆయనే."

బయట పచ్చికలో మైకు ఎవరి గంటదో గాని ఇంకా మోగుతోంది. అట్లాసు బాబాయి మెడలో బల్లగుడ్డతో అలాగే నిలబడిపోయాడు. ఆయన భార్య మిషను దగ్గర్నుంచి లేచింది. బొంగురు చేతిలో వేడివేడి సూపు గిన్నె పెట్టింది. గుమ్మం దాకా వెళ్లి, వీధి అటూ ఇటూ ఒకసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు మూసి, ఈ రాత్రికి ఇంక ఎవరూ బయటికి వెళ్లేది లేదన్నట్టు గడియ పెట్టింది. ఆ 'ఆయన' ఎవరో వచ్చేవారం చెబుతాను.